జంట తలుపుల చెయ్యి

నాన్నా, నేను కులాసా, వేళ్ళన్నీ చేతికే ఉన్నాయి. నేను చేసిన జత బేస్ స్పీకర్ పెట్టెలు నిన్న హాల్లో పెట్టాం. ఏది విడిగా వేసినా ఉరిమింది, రెండూ కలిపితే మూలిగాయి! "చెక్కపని చెడింది" అన్నాడు పనిచ్చిన సౌండు సెట్టు ఓనరు. నాకు ఒళ్ళు మండింది. వెనక విప్పి చూస్తే, తప్పు నువ్వు నేర్పిన చేతిదే: జంట తలుపుల అలవాటుకొద్దీ రెండోదాంట్లో ఎడమవన్నీ కుడికి చేస్తూ, వైర్లూ తారుమారుగా బిగించాను. ఒక స్పీకరు గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి గుంజుతోంది. సరిచేయగానే కిటికీలు గడగడలాడాయి, ఓనరు చేతిలో టీ ఒలికింది. ఇంకో జత చెయ్యమన్నాడు! అందుకని నీ సన్న ఉలి పంపించు. అమ్మ మోకాలు ఎలా ఉంది? పెద్దలందరికీ దండాలు. ఆడపిల్ల చెక్కపని ఎవరికి కావాలన్న బాబాయిని మాత్రం, మోత అక్కడిదాకా వినపడిందా అని అడుగు.

నీ పెద్ద కూతురు