సియెని పేరున ఉన్న మూడు హెచ్చరికలు

సూపర్‌వైజరు లెమాలు గారికి,

నాకు వారంలో మూడు ఉదయాలు డయాలసిస్ ఉంటుంది. షిఫ్టు మార్చమంటే పని పోతుందని భయపడ్డాను. ఆ రోజుల్లో మధ్యాహ్నం షిఫ్టులో ఉండే సియెని నా హాజరు కార్డుతో ఉదయం ఫ్యాక్టరీలో చేపలు శుభ్రం చేసేది, నేను ఆమె కార్డుతో మధ్యాహ్నం చేసేదాన్ని. టోపీ, మాస్కు పెట్టుకుంటే అందరం ఒక్కలాగే ఉంటాం.

మధ్యాహ్నం కునుకుతోందని సియెనికి మీరు మూడు హెచ్చరికలు ఇచ్చారు. కునికింది నేను. "తిట్లు నా పేరుకేగా, నువ్వు తూగవే!" అని నవ్వేది.

జ్వరంతో పోయిన ఆమెను శనివారం పూడ్చినప్పుడు, మన ఆచారం ప్రకారం ఆ ఇంటికి ఇవ్వడానికి నేత చాప పట్టుకుని మీరూ వచ్చారు. "నా కూతురు బాగా పనిచేసేదా అయ్యా?" అని వాళ్లమ్మ అడిగితే తల దించుకున్నారు.

ఆ హెచ్చరికలు నా పేరున రాయండి. ఆ సంగతి పెద్దావిడకు మీరే చెప్పండి. తర్వాత కూడా నాకు పని ఉంటే, మధ్యాహ్నం షిఫ్టు ఇప్పించండి. ఉదయాలకు ఇక నాకెవరూ లేరు.