ఇరవై ఒక్క రోజుల శుద్ధి

నవంబరు 3

వచ్చి పడ్డాం. బూర్గంపాడు దాటాక అడవి మొదలయ్యే చోట, టేకు చెట్ల మధ్య పెంకుటిళ్ల వరస. గేటు దగ్గరే నోట్లో వేపాకు ముద్ద పెట్టారు. స్వాగతమట. పెళ్లిలో పన్నీరు చల్లుతున్నట్టు నవ్వుతూ పెట్టింది ఒకావిడ. ఉమ్మేద్దును - రాజ్యం కళ్లు నా మీదే ఉన్నాయి. మింగాను.

మోకాళ్ల నొప్పులు రాజ్యానివి. శిక్ష మొగుడూ పెళ్లాలిద్దరికీ. ఆయుర్వేదం, యోగా, ఒంటిని లోపలా బయటా ఉతికి ఆరేయడం... ఇరవై ఒక్క రోజులు. నాకేం రోగమని చేర్చుకున్నారంటే, కాగితంలో "ఆకు దుమ్ము" అని రాయించింది. ముప్ఫై ఏళ్లు కల్లాల్లో కూర్చుని బీడీ ఆకు కొన్నవాడి ఊపిరితిత్తుల్లో సగం అడవి ఉంటుందని ఆవిడ నమ్మకం.

నవంబరు 4

నియమాలు చదివి వినిపించారు. ఫోను ఆఫీసులో. చాయ్ లేదు. ఉల్లిగడ్డ లేదు. ఇంగ్లీషు మందులు కవరులో పెట్టి, పేరు రాసి, అవీ ఆఫీసులోనే.

డాక్టరమ్మ చిన్నది, మాట మెత్తన. "బీపీ మందు ఒక్కసారే మానొద్దమ్మా. రోజూ చూసుకుంటూ మెల్లగా తగ్గిద్దాం" అంది. రాజ్యానికి "తగ్గిద్దాం" ఒక్కటే వినబడింది. గోలీలన్నీ హుండీలో వేసినంత భక్తిగా కవరులో వేసి ఇచ్చేసింది.

"మెల్లగ అన్నది గదనే డాక్టరమ్మ..."

"నువ్వూకోవయ్యా. సగం మొక్కు ఎవరన్న చెల్లిస్తరా? మానుడంటే మానుడే."

రెండేళ్ల కింద ఇట్లాగే మానింది. బతుకమ్మ పేరుస్తుంటే ముక్కులోంచి రక్తం - తంగేడు పూల మీద. ఖమ్మం దవాఖానాలో ఆరు రోజులు. మళ్లీ మానితే కాలూ చెయ్యీ పడిపోవచ్చని అక్కడి డాక్టరు చెప్పాడు. వాళ్లమ్మ అట్లా పడిపోయి మూడేళ్లు మంచంలో ఉంది. ఎత్తి తిప్పింది రాజ్యమే. ఇంత తెలిసినది... తెలిసే ఇచ్చేసింది.

ఒక గోలీల పట్టీ నా కళ్లద్దాల డబ్బాలో ఉండిపోయింది. ఆవిడ మరిచిపోతుందని ఎప్పుడూ పెట్టుకుంటాను. ఆఫీసులో ఇవ్వడం నాకు గుర్తు రాలేదు - అని రాస్తే బాగానే ఉంటుంది. గుర్తొచ్చింది.

నవంబరు 6

నెయ్యి.

పరగడుపున, చేదు వేర్లు వేసి కాచిన నెయ్యి, గ్లాసులో పోసి ఇస్తారు. రోజురోజుకీ పెంచుతారట. చిన్నప్పుడు మా ఇంట్లో నెయ్యి అంటే ఇస్తరాకు చివర పడే ఒక చుక్క, అదీ పండక్కి. ఆ చుక్క కోసం అన్నదమ్ములం కొట్టుకున్నాం. ఇప్పుడు గ్లాసెడు ముందు పెడితే కడుపు గొంతులోకి వచ్చి కూర్చుంది. తాగాక నాలుక లేదు, పెదాలు లేవు, అంతా జిడ్డు. త్రేన్పు వస్తే దీపం కొండెక్కిన వాసన.

పక్కగదిలో మేరీ టీచరమ్మ, మధిర నుంచి వచ్చింది. రిటైరైంది. నెయ్యి తాగేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంది. "ఏం అడుగుతున్నరు టీచరమ్మా?" అన్నాను. "లోపలే ఉండనివ్వు తండ్రీ అని అడుగుతున్నానన్నయ్యా" అంది. ఇక్కడ మనిషి అనదగ్గ మనిషి ఈమే.

నవంబరు 7

వీళ్ల ఆచారం ఒకటి. పొద్దున వంటింటి కిటికీ దగ్గర కషాయం పోస్తారు. జంటగా వచ్చినవాళ్లు ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకోకూడదు - మొగుడు పెళ్లానికి, పెళ్లాం మొగుడికి తెచ్చి చేతికివ్వాలి. "ప్రేమ కూడా మందే" అని డాక్టరమ్మ చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు నిన్నటి నెయ్యి పైకి వచ్చింది.

రాజ్యం బీపీ పైది నూట డెబ్బై. "గోలీ మళ్లీ మొదలుపెడదామమ్మా" అంది డాక్టరమ్మ. చెయ్యి వెనక్కి లాక్కుంది రాజ్యం. "విషం బయటికి వచ్చేటప్పుడు గట్లనే పెరుగుతదంట. పక్కగదామె చెప్పింది" అంది. ఏ పక్కగదామె? ఇటు టీచరమ్మ, అటు గోడ.

మధ్యాహ్నం తల పట్టుకుని పడుకుంది. నొప్పా అంటే లేదంది.

నవంబరు 8

కలిపాను.

నవంబరు 9

పెద్ద విద్యేం కాదు. చెంచా వెనక్కి తిప్పి కిటికీ అరుగు మీద గోలీ నూరడం, పొడి గ్లాసులో వెయ్యడం, వేలితో తిప్పడం. ఆ కషాయంలో ఇటుక కలిపినా నాలుక్కి తెలియదు. పట్టుకెళ్లి చేతికిచ్చాను. "చేదు జర తక్కువున్నదియ్యాల. నీ చెయ్యి మంచిది" అని తాగింది.

వేలు మూడుసార్లు కడుక్కున్నాను.

నవంబరు 11

బీపీ దిగింది. రాజ్యం కన్నా డాక్టరమ్మ ఎక్కువ సంబరపడింది. గోడ మీది కాగితంలో ఎర్రగీత గీసింది, కిందికి.

పెరట్లో వరసగా పీటలు వేసి కొందరిచేత కక్కించారు. చెంబులకు చెంబులు ఏదో తాగించడం, వీపు రాయడం, తర్వాత... పద్నాలుగు గొంతులు ఒక్కసారి. కాకులు కూడా లేచిపోయాయి. అయ్యాక, "పసుపు రంగు వచ్చిందా? వచ్చిందా? శెభాష్!" - పిల్లలు లెక్క సరిగ్గా చేసినట్టు మెచ్చుకోవడం. నన్నూ కూర్చోబెడతారని భయపడ్డాను. "తాతగారికి వయసు దాటిపోయింది, వద్దు" అన్నారు. ముసలితనం నాకు ఉపకారం చేయడం ఇదే మొదలు.

నవంబరు 12

ముత్తయ్య నూనె రాస్తాడు. బూర్గంపాడు మనిషి, ఇక్కడ చేరకముందు ట్రాక్టరు మెకానిక్. గోచీ ఒకటి ఇస్తారు, రుమాలులో సగం ఉంటుంది. చెక్క బల్ల మీద ఎండబెట్టిన బొమ్మిడాయిలా నేను.

"పెద్దయ్యా, ఒళ్లు బిగవట్టకు. నూనె లోపటికి పోదు."

"పోకపోతే ఏమైతది?"

"ఇంజన్ పట్టేస్తది."

నవ్వాను. ఈ వారంలో మొదటిసారి. నూనె జుట్టులో, చెవిలో, బొడ్డులో, రాసే ఈ పేజీలో. మూలన మరక వాడిదే.

నవంబరు 13

విరేచనం. ఏమీ రాయను. కాగితానికీ ఒక మర్యాద ఉంటుంది.

నవంబరు 15

గంజి తిండి. మొన్న గంజి మీది తేట, నిన్న గంజి, ఇవాళ గంజిలో నాలుగు మెతుకులు. ఆ మెతుకులకు రాజ్యం నమస్కారం పెట్టింది.

కానీ... రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను. మోకాళ్లు తగ్గాయి. నిజంగా తగ్గాయి. గోడ పట్టుకోకుండా మెట్లెక్కింది. యోగా హాల్లో కింద కూర్చుని, ఎవరి చెయ్యీ అందుకోకుండా లేచింది. లేచి నావైపు చూసింది, బడిలో బహుమతి వచ్చిన పిల్లలా. అది నూనె గొప్పా, ముత్తయ్య చేతి గొప్పా, ఇంటి చాకిరీ లేకపోవడం గొప్పా - ఏదైనా సరే, వీళ్లదే. తిట్టుకుంటూనే ఒప్పుకోవాలి.

సాయంత్రం అందరూ చుట్టూ కూర్చుని అనుభవాలు చెప్పుకుంటారు. రాజ్యం లేచింది. నలుగురిలో నోరు విప్పని మనిషి. "పదేండ్ల సంది తిన్న బీపీ గోలీలు మానేసిన. ఇయ్యాల్టికి బీపీ మంచిగున్నది. ధైర్యం జేయాలె, గంతే." చప్పట్లు. డాక్టరమ్మ కళ్లలో నీళ్లు. నేనూ కొట్టాను చప్పట్లు. ఆ చేతులతోనే.

నవంబరు 17

వస్తి. వెనకనుంచి నూనె ఎక్కించడం. పక్కకి తిరిగి పడుకో, ఎడమ కాలు చాపు, కుడి కాలు మడువు, నోటితో ఊపిరి తీసుకో. ఏడు పదులు దగ్గరపడ్డాక గోడకేసి మొహం పెట్టి తలుచుకోవలసిన మనుషులు ఎందరో ఉంటారు. నాకు కల్లం గుర్తొచ్చింది.

కొందరు మంచి ఆకుల మధ్య పుచ్చు ఆకులు దాచి కట్ట కట్టి తెచ్చేవాళ్లు. పైనా కిందా నిగనిగలాడుతూ ఉంటుంది. నేను విప్పేవాణ్ని కాదు. బొటనవేలితో అంచు నొక్కితే చాలు, తెలిసిపోయేది. పదిమందిలో పట్టుకుని, పదిమందిలో కడిగేసేవాణ్ని. ఒకసారి ఒక కోయ ముసలమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది - కట్టింది ఆమె కాదు, కోడలు. అయినా వదల్లేదు. నా వేలికి మోసం తెలుస్తుందని ఎంత గర్వమో అప్పుడు.

చదువు ఏడో తరగతి. మిగతాది కిరాణా పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్నది. ఆ పొట్లాల్లో ఒక్కదాంట్లోనూ లేదు, ఇట్లాంటప్పుడు ఏం చెయ్యాలో.

ఇవాళా కలిపాను.

నవంబరు 18

మేరీ టీచరమ్మ తన గోలీలు ఆఫీసులో ఇచ్చేసింది. మొదట్లో డాక్టరమ్మ చెప్పినట్టు సగం చేసి వేసుకునేది. ఇప్పుడు మొత్తం. "వదిన మానలేదా? నాకు మాత్రం విశ్వాసం లేదా?" అంది.



నవంబరు 19

పొద్దున సూర్య నమస్కారాల్లో టీచరమ్మ కూలబడింది. కళ్లు తిరిగాయట. డాక్టరమ్మ బీపీ చూసి, వెంటనే గోలీ వేసుకోమంది. గట్టిగానే చెప్పింది. టీచరమ్మ తల అడ్డంగా ఊపుతోంది. "రాజ్యం వదినకీ మొదట పెరిగింది కదండీ. ఓపిక పట్టింది. నేనూ పడతాను."

ఇంక కుదరదు. టీచరమ్మ గదిలోకి వెళ్లి, మంచం దగ్గర నిలబడి, చెప్పేశాను. పట్టీ తీసి చూపించాను, ఖాళీ గుంటలతో సహా.  నీళ్లు తెమ్మంది. ఆఫీసు నుంచి తన కవరు తెప్పించుకుని, నా ఎదురుగానే వేసుకుంది.

"అన్నయ్యా, నా ప్రాణం కాపాడారనుకోవాలా, మీదికి తెచ్చారనుకోవాలా?"

"ఏదన్న అనుకోండి. ఆమెకు చెప్పకండి."

"నేను చెప్పను. మీరే చెప్పాలి. ఇంటికెళ్లాక వదిన వంట వదిన చేసుకుంటుంది, నీళ్లు వదిన ముంచుకుంటుంది. అప్పుడెట్లా కలుపుతారు?"

నేను ఆలోచించని మాట కాదు. ఆలోచించి, పక్కన పెట్టిన మాట.

నవంబరు 20

ఎల్లుండి రాజ్యాన్ని వీడియో తీస్తారట. గోలీలు మానిన కథ చెప్పాలట, ఫోన్లలో అందరికీ పంపుతారట. రాజ్యం ఆకుపచ్చ చీర తీసి మడతలు చూసుకుంటోంది. "ఏమయ్యా, ముందు నీ పేరు చెప్పాల్నా, నా పేరు చెప్పాల్నా?"

ఎంతమంది మేరీ టీచర్లు చూస్తారో.

రేపు చెప్పాలి.

నవంబరు 21

చెప్పాను. కషాయం వేళకే, గ్లాసు కింద పెట్టి, ఇవాళ కలపలేదని మొదలుపెట్టి.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మంచం మీద కూర్చుంది.

"ఎన్ని దినాలు?"

"పదమూడు."

"రోజూనా?"

"రోజూ."

"మోకాళ్లు తగ్గింది గూడ నువ్వేనా?"

"కాదు రాజ్యం. అది నూనె. ముత్తయ్య, డాక్టరమ్మ... అది వాళ్లదే. ఒట్టు."

"ఏది నీదో ఏది వాళ్లదో నాకెట్ల తెలవాలె?"

 తంగేడు పూల మీది రక్తం అన్నాను, వాళ్లమ్మ మంచం అన్నాను. వింటోందో లేదో. "అడగొచ్చు గద," అంది. "కాళ్లు పట్టుకొని అడిగితే యేసుకుందు. గిట్ల దొంగలెక్క..." ఆగిపోయింది.

నిజమే కావచ్చు. అడగలేదు నేను. ఒక్కసారి వాదించి, తర్వాత నూరడం మొదలుపెట్టాను. నూరడమే తేలిక.

లేచి బయటికి పోతూ గోడ పట్టుకుంది.

డాక్టరమ్మకూ నేనే వెళ్లి చెప్పాను. గోడమీది ఎర్రగీతల కాగితం తీసి, మడిచి, సొరుగులో పెట్టింది. "నాకు మొదటిరోజే చెప్పాల్సింది తాతగారూ. నెయ్యి, విరేచనం, వస్తి... అన్నీ ఆ బీపీ చూసే చేశాను" అంది.  

నవంబరు 22

వీడియో అక్కర్లేదని డాక్టరమ్మే అంది. రాజ్యం వినలేదు. ఆకుపచ్చ చీర కట్టుకుని వెళ్లి కూర్చుంది. నేను గుమ్మం బయట నిలబడ్డాను.

"నూనె మంచిగ రాసిండ్రు. అన్నం తక్కువ. బీపీ గోలీలు ఎవరూ మానొద్దు," అంది. లేచి వచ్చేసింది. లోపల టీచరమ్మ నవ్వు వినిపించింది.

నాతో నిన్నటినుంచీ మాటల్లేవు. కషాయం తనే తెచ్చుకుని తాగింది. నా గ్లాసు కిటికీ దగ్గరే చల్లారిపోయింది - మొదటిసారి ఆ చేదు తాగాలనిపించింది, ఛీ.

సాయంత్రం పక్కబట్టలు మడుస్తుంటే అడిగాను. బుద్ధిగా, ఎదురుగా నిలబడి.

"గోలీ యేసుకుంటవా రాజ్యం?"

"యేసుకున్న."

"ఎప్పుడు?"

"పొద్దుగాల."

చెప్పి, చేతిలో దుప్పటి అట్లాగే పట్టుకుని నా మొహం చూస్తూ ఉంది. నేను నమ్ముతానో లేదో చూస్తోంది.

నమ్మినట్టు తలూపాను.