పరగడుపున వచ్చిన అరవై ఒకటి

బచ్చన్నపేట,
ఆదివారం.

చిరంజీవి తేజస్వినికి అమ్మ దీవెనలు.

ఇక్కడ మేమందరం బాగున్నాం, భూపాలపల్లిలో నువ్వూ బాగున్నావనుకుంటాను అని రాసి, ఆ మాటను రెండుసార్లు చదువుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం కింద రాస్తాను. తొందరపడకుండా చదువు, మధ్యలో ఆపి ఫోన్ చేయకు.

ముందు నువ్వు అడిగినవి. నాయనమ్మ కంటి ఆపరేషన్ బాగానే అయింది. ఇప్పుడు బియ్యంలో రాళ్లు నాకంటే ముందు ఆమెకే కనబడుతున్నాయి. నా కూరలో వెంట్రుకలు కూడా ఆమెకే కనబడుతున్నాయి, అదొక బాధ. మానుకోటలో మీ సంగీత చిన్నమ్మకు మళ్లీ ఆడపిల్లే పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. పేరు నువ్వే పెట్టాలట, చదువుకున్నదానివి కదా. మన పత్తి రెండో ఏరుడు కూడా అయిపోయింది. వాన పడి సగం కాయ నల్లబడింది, దాని గురించి ఇంతకన్నా రాయను.

ఇవన్నీ ఫోన్లోనే చెప్పొచ్చు కదా అంటావు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది మీ బాపు కుట్టుమిషన్ మీదే ఉంటుంది. నువ్వు చేస్తే స్పీకర్ పెట్టి నా చేతికిస్తాడు. తాను మాట్లాడడు, అక్కడి నుంచి లేవడు. ఆయన వింటుండగా ఆయన సంగతి నీకెట్లా చెప్పను? నువ్వు గురుకులంలో ఉన్నప్పుడు వారానికొకటి రాసేదాన్ని, ఆ అలవాటే ఇప్పుడు అక్కరకొచ్చింది.

నువ్వు పోయిన ఉత్తరంలో రెండు సంగతులు రాశావు. నువ్వు పనిచేసే ఫిట్‌నెస్ సెంటర్ వాళ్లు వచ్చే నెల మన ఊళ్లో క్యాంపు పెడతారని, పొద్దున నడిచేవాళ్ల పేర్లు నలభై రాసి పంపమని ఒకటి. బాపుకు నా మీద కోపమొచ్చిందా, ఎందుకు మాట్లాడటం లేదు అని ఇంకొకటి. రెండూ వేరువేరు సంగతులని నువ్వు అనుకుంటున్నావు. రెండూ ఒకటే బిడ్డా.

మీ బాపు పొద్దంతా మిషన్ ముందు కూర్చునే మనిషి. షుగర్ వచ్చింది, నడవమని డాక్టర్ చెప్పాడు. మొదట్లో ఊళ్లోవాళ్లు నవ్వుతారని సిగ్గుపడ్డాడు. తర్వాత అదే పిచ్చి పట్టింది. తెల్లవారకముందే లేచి కాటమయ్య తలుపు కొట్టడం, ఆ తర్వాత పౌలు సారును లేపడం. ముగ్గురూ జిన్నింగ్ మిల్లు దాకా పోయేవాళ్లు, దారిలో ఇంకో పదిమంది కలిసేవాళ్లు. మిగిలిపోయిన గుడ్డతో తమ ముగ్గురికీ ట్రాక్ ప్యాంట్లు కుట్టాడు, పక్కన తెల్ల గీతతో. రెండేళ్లు ఒక్క పూట మానలేదు. షుగర్ తగ్గింది, నా మీద అరవడం కూడా తగ్గింది.

నువ్వు మొదటి జీతంతో ఆయనకు టెస్టు రాయించినప్పుడు ఎంత మురిశాడో నీకు తెలియదు. షాపుకు వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాడు. "నా బిడ్డ మూతికి మాస్కు కట్టి, ఉరికే మిషన్ ఎక్కిస్తదట. గుండె ఎంత గట్టిదో లెక్క తీస్తదట" అని. టెస్టు రోజు నువ్వు మానుకోట బడిలో పిల్లలకు ఒంటి పరీక్షలు పెట్టడానికి పోయావు. ఆయన ఒక్కడే మీ సెంటర్‌కు వచ్చి చేయించుకుని, సాయంత్రం బస్సుకు ఇంటికొచ్చాడు. రిపోర్టు అలమరలో పెట్టాడు. ఎట్లయింది అంటే "అయింది" అన్నాడు.

అంతటితో ఊరుకోవాల్సింది నేను. మరునాడు పొద్దున ఆ కాగితం తీసి చూశాను. అంతా ఇంగ్లీషు. కూడబలుక్కుంటే చదవగలను, చదవలేదు. నడుమ పెద్ద గుండ్రంలో 61 అని ఉంది. అరవై దాటితే ఫస్టు క్లాసు కదా! మొగుడు ఫస్టు క్లాసులో పాసయ్యాడని పావుకిలో పేడాలు కొనుక్కుని, నడక అయ్యాక వాళ్లు చాయ్ తాగే హోటలుకు పోయాను. మీ బాపు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆయన నోరు తెరిచేలోపే కాగితం పౌలు సారు చేతిలో పెట్టేశాను.

సారు కాగితమంతా చదివాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "అక్కా, గిది మార్కులు కాదు. ఒంటి వయసు. అన్న ఒళ్లు అరవై ఒక్కేండ్ల మనిషి ఒంటి లెక్కనే ఉన్నదని రాసిండ్రు."

మీ బాపుకు నలభై ఎనిమిది.

కాటమయ్య ఊరుకునే రకమా? "అరే, మా అన్నకు పింఛన్ అర్జీ పెడ్దాం పాండ్రి!" అన్నాడు. హోటలంతా నవ్వింది. మీ బాపు కూడా నవ్వాడు. నా చేతిలోంచి పేడా తీసుకుని తిన్నాడు, షుగర్ మనిషి. ఇంటికి వచ్చేదాకా నాతో ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మరునాడు లేవలేదు. ఆ మరునాడూ లేవలేదు. కాటమయ్యే వచ్చి తలుపు కొడితే, ఒంట్లో బాగాలేదని చెప్పమన్నాడు. నువ్వు అడిగినప్పుడల్లా నడుస్తున్నాడు, బాగానే నడుస్తున్నాడు అని నేను చెప్పిందంతా అబద్ధం. నాలుగు నెలలైంది ఆయన ఆ రోడ్డు ఎక్కక. ట్రాక్ ప్యాంటు కోసి మిషన్ తుడిచే గుడ్డ చేసుకున్నాడు. పోయిన వారం జనగామలో చూపిస్తే షుగర్ మూడు వందల పది ఉంది. ఎడమ కాలి వేళ్లకు చురుకు తెలియడం లేదు. చెప్పు ఊడిపోయినా తెలియక అట్లాగే నడుచుకుంటూ వచ్చాడు దవాఖాన మెట్లు దిగి. డాక్టర్ నన్ను తిట్టాడు.

నీ మీద కోపం కాదు తేజూ. ఒకసారి అడిగాను, బిడ్డతో ఎందుకు మాట్లాడవని. "ఏం మాట్లాడాలె? నా బిడ్డ పదిమందికి ఒళ్లు మంచిగ జేసుకోవాలె అని చెప్పే పిల్ల. ఆమె తండ్రి గిట్లున్నడని ఆ కాయితం మీద ఉన్నది. ఆమెకు నా గొంతు ఇనవడితే గదే యాదికొస్తది" అన్నాడు. అవతలికి పోయి ఏడ్చాను.

ఇప్పుడు ఇంతసేపూ రాయకుండా దాచింది రాస్తాను. టెస్టుకు ముందు రోజు నువ్వు ఫోన్లో మెసేజి పెట్టావు. రేపు పదకొండింటికి రావాలి అన్నదాకా చదివి పక్కన పెట్టాను. టెస్టంటే నాకు తెలిసింది ఒక్కటే. షుగర్ టెస్టయినా, రక్తం టెస్టయినా, స్కానింగ్ అయినా పరగడుపునే పోవాలి. అందుకని ఆయనను తొలి బస్సుకు ఏమీ పెట్టకుండా పంపాను. చాయ్ తాగుతానంటే గ్లాసు లాక్కున్నాను. నీళ్లు కూడా వద్దన్నాను. తినకుండా మాత్ర ఎందుకని అదీ వేసుకోనివ్వలేదు. జనగామలో దిగి, హన్మకొండలో బస్సు మారి, ఎండకు భూపాలపల్లి చేరి, ఖాళీ కడుపుతో ఆ మిషన్ ఎక్కాడు. అక్కడ ఫారంలో తిన్నారా, మాత్ర వేసుకున్నారా అని అడిగారట. అంతా ఇంగ్లీషే కదా, అన్నిటికీ టిక్కు పెట్టాడట.

మొన్న జాకెట్టు డిజైన్ బొమ్మ కోసం ఫోన్లో పైకి జరుపుతుంటే నీ మెసేజి దొరికింది. "రెండు గంటల ముందు ఇడ్లీ తినిపించు అమ్మా, నీళ్లు బాగా తాగమను, మాత్ర మానొద్దు" అని ఉంది. ఆ అరవై ఒకటి మీ బాపుది కాదు. నాది.

నిన్న మధ్యాహ్నం ధైర్యం చేసి ఆయనకు చెప్పాను. తిడతాడనుకున్నాను. మిషన్ ఆపి, దారం తెంపి, నా వైపు తిరిగాడు.

"నాలుగో నిమిషానికే కండ్లు తిరిగినయి భాగ్యా. చెయ్యెత్తితే ఆపుతమన్నరు. ఎత్తలే. తేజస్విని మేడం వాళ్ల బాపు అని అందరొచ్చి సుట్టు నిలవడ్డరు. గప్పుడే ఆపితే బిడ్డ ఇజ్జత్ పోతదని ఉరికిన. మోకాళ్ల మీద పడ్డంక వాళ్లే ఆపిండ్రు. ఇంకో రోజు రాండ్రి, మంచిగ తిని రాండ్రి, మల్ల జేద్దామన్నరు. పడ్డ సంగతి బిడ్డకు చెప్పొద్దని దండం పెట్టి వచ్చిన."

"మరి మల్ల పోదాం పా" అన్నాను.

"యాభై వస్తది. నలభై అయిదే వస్తది. గప్పుడేం జెయ్యాలె? హోటల్ల నిలవడి సదివి ఇనిపియ్యాల్నా?" అని మళ్లీ మిషన్ తొక్కాడు.

మీ పని చెడ్డదని నేను అనను. షుగర్ ఉన్న మనిషి తన గుండె ఎంతవరకు ఓర్చుకుంటుందో తెలుసుకుని నడిస్తే మంచిదేనని పౌలు సారు కూడా అంటున్నాడు. కానీ మా లాంటివాళ్లకు రోజూ నడవడానికి ఆ కాగితం అవసరమా అంటే, నాకు తెలియదు. ఆ నంబరు వచ్చేదాకా ఆయన బాగానే నడిచాడు, అది మాత్రం తెలుసు. క్యాంపు పెడితే పెట్టండి. ఎట్లా రావాలో ముందే తెలుగులో పెద్దగా రాయండి, నంబరు చేతికిచ్చే ముందు మనిషిని కూర్చోబెట్టి మాట్లాడండి.

పేర్ల సంగతి. ఇవాళ పొద్దున ఆయనను లేపి, "పా, నేను వస్త తోడు" అన్నాను. "నువ్వు పో" అన్నాడు. నిజంగానే పోయాను, పేర్లు కూడా రాసుకోవచ్చని పెన్ను, కాగితం పట్టుకుని. మిల్లు దాకా పోయి వచ్చాను. కాటమయ్య తలుపు వేసే ఉంది. పౌలు సారు ఇంట్లో లైటు కూడా వెలగలేదు. వాళ్లను లేపే మనిషి లేవడం మానేశాక, ఒక్కొక్కరే అందరూ మానేశారట. ఆ దారి పొడుగునా నేనొక్కదాన్నే ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి మీ బాపు గడపలో నిలబడి ఉన్నాడు. నాలుగు నెలల్లో మొదటిసారి నడక సంగతి తనంతట తాను అడిగాడు. "కాటమయ్య వాళ్లు కలిసిండ్రా? నన్ను అడిగిండ్రా?"

"అందరు కలిసిండ్రు. అందరు నిన్నే అడిగిండ్రు" అన్నాను.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
మీ అమ్మ,
భాగ్య.