కాకి ముట్టిందా అని అడిగావు

ఫార్మింగ్టన్ హిల్స్,
ఆగస్టు, 2011.

చి.ల.సౌ. మృదులకు,

ఆశీర్వదించి రాస్తున్నాను. ఇక్కడ నేను క్షేమం. కాకినాడలో నువ్వూ, పరంధామయ్య బావగారూ, అక్కయ్యగారూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం అంది వారం దాటింది. వెంటనే జవాబు రాయకపోవడం బద్ధకం వల్ల కాదు. కాగితం ముందు కూర్చోవడం, లేవడం, టీ పెట్టుకోవడం, మళ్ళీ కూర్చోవడం, ఇదే పనైంది. ఫోన్ చేద్దామంటే మన ఫోన్ల సంగతి నీకు తెలుసు. నువ్వు ఏడుస్తావు, నేను ఇక్కడి వానల గురించి చెబుతాను. నువ్వన్నదే నిజం, మనకి ఉత్తరాలే నయం.

ముందు నీ ప్రశ్నలు. వేళకి తింటున్నాను. పక్కవీధి రాధారాణి సెలవు రోజుల్లో ఏదో ఒకటి వండి తెస్తోంది. మొన్న పప్పుచారు తెచ్చి, నేను తినేదాకా కుర్చీలోంచి కదల్లేదు. బీపీ మాత్ర మానలేదు. గోంగూర పచ్చడి ఇంకా సగం సీసా ఉంది. విశాల్ గది తలుపు నువ్వు చెప్పినట్టే తీసి ఉంచుతున్నాను. ఆఫీసులో సెలవిచ్చారా అని అడిగావు. ఫిబ్రవరి నుంచి నేనేం అడిగినా ఇచ్చేస్తున్నారు, అదొక రకం బాధ. ఇక మిగిలినవి రెండు. కాజా తింటున్నాడా, కాకి ముట్టిందా. ఈ రెండిటికీ విడివిడిగా జవాబు చెప్పలేను. వరసగా రాస్తాను, ఓపిగ్గా చదువు. చివరి పేజీ ముందే తిప్పి చూడకు. నీకు ఆ అలవాటుంది.

క్యాంపింగ్‌కి వెళ్ళాను. నాకు ఈ నమ్మకాలు లేవని నీకు తెలుసు. పదో రోజున మన పెరట్లో మంచు తవ్వి పిండం పెట్టినప్పుడు, నువ్వు కిటికీ దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆకాశం చూస్తుంటే, నేను గుడి పంతులుగారి ముఖం చూస్తూ ఉన్నాను. మధ్యాహ్నం దాటినా కాకి రాలేదు. "ఇక్కడి కాకులకి అలవాటు లేదమ్మా, నీళ్ళలో కలిపేద్దాం, దోషం లేదు" అన్నారాయన. నువ్వు వినలేదు. నా బిడ్డకి ఏదో కోరిక మిగిలిపోయిందన్నావు. ఏప్రిల్‌లో అస్థికలు తీసుకుని గోదావరికి వెళ్ళినదానివి, కాకినాడలోనే ఉండిపోయావు. ఆ కోరికేమిటో తేలేదాకా ఈ ఇంట్లో నిద్ర పట్టదన్నావు. తర్వాత నువ్వే తేల్చావు. యాక్సిడెంట్‌కి వారం ముందే వాడు జులైకి క్యాంప్‌సైట్ బుక్ చేసుకున్నాడు, ఏటా వెళ్ళే చోటే, తన కుక్క కాజాతో. "కాజాని అక్కడికి తీసుకెళ్ళండి. లేక్ ఒడ్డున విశాల్ పేరు చెప్పి ఒక ముద్ద పెట్టండి. కాకి ముడితే నేను వచ్చేస్తాను" అని రాశావు. నేను వెళ్ళింది కాకి కోసం కాదు, ఆ చివరి మాట కోసం.

బయల్దేరే ముందు రోజు రాధారాణి వచ్చి గరాజ్‌లో నన్ను చూసి నవ్వింది. "అన్నయ్యగారూ, డెక్ మీద గొడుగు తెరవడమే రాదు మీకు, టెంట్ వేస్తారా?" అంది. సొంత ఇల్లు, మెత్తటి పరుపు ఉండగా డబ్బిచ్చి మరీ అడవిలో గుడ్డ గుడిసెలో పడుకోవడం ఏం సరదా అని నేను విశాల్‌ని ఏడిపించేవాణ్ణి కదా. ఇప్పుడు వాడి టెంట్, వాడి లాంతరు, వాడి మడత కుర్చీ కార్లో పెట్టుకున్నాను. బియ్యం, నువ్వులు, పెరుగు, రైస్ కుక్కర్ పెట్టుకున్నాను. వెనక సీటు మీద వాడి నీలం స్వెట్‌షర్ట్ పరిచాను, నువ్వు ఉతకొద్దన్నది. దాని మీద కాజాని పడుకోబెట్టాను. వాణ్ణి ఎత్తి ఎక్కించాల్సి వచ్చింది.

ఉత్తరానికి దారి నీకు గుర్తుందో లేదో, ఒకటే చెట్లు. ముప్పై ఏళ్ళు కార్ల కంపెనీలో బ్రేకుల మీద పనిచేసినవాణ్ణి నేను. మంచు పేరుకున్న రోడ్డు మీద ఏ బ్రేకూ పట్టదని నాకంటే తెలిసినవాడు ఉండడు. ఎండలో ఆరిపోయిన రోడ్డు మీద కూడా చేతులు బిగపట్టి డ్రైవ్ చేశాను. పెద్ద బ్రిడ్జి వచ్చేసరికి అంతసేపూ కదలకుండా పడుకున్న కాజా తల ఎత్తాడు. అద్దం దించాను. ముక్కు బయటపెట్టి గాలి పీల్చాడు. ఎక్కడికి వెళ్తున్నామో వాడికి అర్థమైంది. అక్కడి నుంచి సన్నగా మూలుగుతూనే ఉన్నాడు, సంతోషంతో. బ్రిడ్జి దాటాక విశాలూ వాడూ ఎప్పుడూ ఆగే పాస్టీ కొట్టు దగ్గర ఆగాను. పాస్టీ అంటే మన కజ్జికాయని పదింతలు చేసి లోపల కూర పెట్టినట్టుంటుంది. మాంసం లేనిది ఇమ్మంటే కొట్టావిడ నన్నూ కాజానీ చూసి, "ఈ కుక్కని ఎరుగుదును. ఆ పొడుగు కుర్రాడేడీ?" అంది. ఈసారి రాలేదని చెప్పాను.

క్యాంప్‌గ్రౌండ్ గేటు దగ్గర గుడిసెలాంటి ఆఫీసులో ఒక పెద్దావిడ కంప్యూటర్ చూసి, "విశాల్?" అంది. బుకింగ్ వాడి పేరున ఉంది కదా. వివరం చెప్పాలని నోరు తెరిచాను. "అవును" అనే మాట వచ్చింది. ఆవిడ వాడి పేరు రాసిన కాగితం ఇచ్చి కారు అద్దానికి తగిలించుకోమంది. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ పేరుతోనే ఉన్నాను. చెత్త తీసుకెళ్ళే ఆయన కూడా ఆ కాగితం చూసి "గుడ్ మార్నింగ్ విశాల్" అనేవాడు. గుడ్ మార్నింగ్ అనేవాణ్ణి. ఇది తప్పో ఒప్పో నాకు తెలియదు. ఆ పేరు పైకి వినపడి ఎన్ని నెలలైందో.

ఇక నవ్వుకో. రైస్ కుక్కర్ పట్టుకుని సైట్ అంతా తిరిగాను, ప్లగ్ ఎక్కడుందా అని. పక్క సైట్‌లో ముసలాయన కాసేపు నన్ను చూసి, నా వయసుని గౌరవించి నవ్వు ఆపుకుని, "కరెంట్ ఉన్న సైట్లు కొండకి అటుపక్క" అన్నాడు. విశాల్ ఎప్పుడూ కరెంట్ లేనిదే తీసుకుంటాడని నాకేం తెలుసు. టెంట్ కూడా ఆయనే నిలబెట్టాడు. ఒక గిన్నె అరువిచ్చి నిప్పు రాజేయడం చూపించాడు. నువ్వు చూస్తే ఈ ఇంజినీరుని కట్టుకున్నందుకు తల కొట్టుకునేదానివి.

కాజా నా కోసం ఆగలేదు. కుంటుకుంటూ సైట్ వెనక నుంచి నీళ్ళ దగ్గరికి దిగి, ఒడ్డున చదునుగా ఉన్న ఒక రాతి పక్కన కూర్చున్నాడు. ఆ రాయి వాళ్ళిద్దరిదని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఎదురుగా సుపీరియర్ సరస్సు, అవతలి ఒడ్డు కనపడదు. కాకినాడ సముద్రం కన్నా చల్లన, ఉప్పు లేదు, అంతే తేడా. నేను వాడి పక్కన కూర్చున్నాను. చీకటి పడేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. ఏడ్చాను మృదులా. ఫిబ్రవరి నుంచి నేను ఏడవలేదని నీకు నా మీద కోపం కదా. అక్కడ ఏడ్చాను.

ఇప్పుడు నీకు రాయనిది రాయాలి. జూన్‌లోనే కాజా తిండి తగ్గించాడు. వెట్ దగ్గరికి తీసుకెళితే కడుపులో గడ్డ ఉందన్నారు, వయసు వల్ల ఆపరేషన్ వద్దన్నారు, నొప్పి తెలియకుండా మందులిచ్చారు. నీకు మాత్రం "బాగానే తింటున్నాడు" అని రాస్తూ వచ్చాను. అక్కడ ఒక్కదానివి, ఇంకొక దెబ్బ ఎందుకని. క్యాంప్‌కి బయల్దేరిన రోజు నుంచి అసలేమీ ముట్టలేదు. చేత్తో పెట్టినా తల తిప్పుకున్నాడు.

క్యాంప్‌కి చేరిన మర్నాడు పొద్దున్నే సరస్సులో మునిగి, ఆ గిన్నెలో అన్నం వండాను. అడుగు మాడింది. పైది తీసి నువ్వులు కలిపి ముద్ద చేశాను. కాజాని చెట్టుకి కట్టేశాను. పదో రోజున కుక్క ముడితే అపచారమని వాణ్ణి గరాజ్‌లో పెట్టి తలుపేశాం గుర్తుందా? లోపల్నుంచి తలుపు గోకుతూనే ఉన్నాడు. ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. ముద్ద రాతి మీద పెట్టి, విశాల్ పేరూ గోత్రమూ చెప్పి, వెనక్కి వచ్చి కూర్చున్నాను. పైన చెట్టు మీద రెండు కాకులున్నాయి, మన కాకుల కంటే పెద్దవి. అవి కాకులు కావు, రేవెన్‌లు అని పక్కాయన తర్వాత చెప్పాడు. నాకు కాకులే.

ఒక కాకి దిగింది. నిజంగా దిగింది మృదులా. ఇసుకలో గంతులు వేస్తూ వచ్చి రాయెక్కింది. మెడ వంచి ముద్దని చూసింది. నమ్మకం లేనివాణ్ణి, చేతులు జోడించాను. ఇంకొక్క క్షణం ఊరుకుంటే చాలు, నువ్వు ఇంటికొచ్చేస్తావు.

వెనక గొలుసు చప్పుడైంది. కాజా లేచి నిలబడ్డాడు. కాళ్ళు వణుకుతున్నాయి, చొంగ కారుతోంది, తోక ఊపుతున్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో వాడికి ఆకలేసింది. నేను కాకిని చూశాను, వాణ్ణి చూశాను.

లేచి వెళ్ళి గొలుసు విప్పాను. దానంతటది ఊడలేదు, నేనే విప్పాను.

కాకి లేచిపోయింది. కాజా రాయి దాకా వెళ్ళాడు కానీ తినలేదు. ముద్ద ముందు కూర్చుని నా వైపు తిరిగి చూశాడు. ఎవరైనా చెప్పేదాకా గిన్నెలో మూతి పెట్టకూడదని విశాల్ నేర్పాడు కదా. "అమ్మా, కాజాకి రైస్ వద్దు, హీ ఈజ్ నాట్ యువర్ మనవడు" అని వాడు అరుస్తున్నా, వాడు ఆఫీసుకెళ్ళగానే నువ్వు దొంగచాటుగా పెరుగన్నం పెట్టి, తినడానికి వాడు నేర్పిన ఇంగ్లీషు మాటకి బదులు నీ తెలుగు మాట అనేదానివి. నాకు అదే గుర్తొచ్చింది. "తిను నాన్నా" అన్నాను. తిన్నాడు. మెతుకు మిగల్చకుండా తిని, రాయి నాకి, వచ్చి నా చెయ్యి నాకాడు. కాకులు కాసేపు అరిచి నీళ్ళ మీదుగా వెళ్ళిపోయాయి.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు, కాకి ముట్టలేదు. ముట్టింది, వచ్చేయి అని కార్డు ముక్క మీద రాసి పడేస్తే నువ్వు నమ్మేదానివి. కాజా విషయంలో ఒకసారి అబద్ధం రాసి చూశాను, దాన్ని మోయడం నా వల్ల కాలేదు. రెండోది రాసి నిన్ను రప్పించుకుంటే రోజూ నీ ఎదురుగా కూర్చుని అన్నం తినలేను. పోయినవాడి కోరికేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. వాడు పెంచిన ప్రాణి నా కళ్ళ ముందు ఆకలితో నిలబడితే గొలుసు పట్టుకుని కూర్చోలేకపోయాను. విశాలే అక్కడుంటే ఏం చేసేవాడో నువ్వే చెప్పు.

ఈ ఉత్తరం మొదట్లో "ఇక్కడ నేను క్షేమం" అన్న వాక్యం నువ్వు రెండుసార్లు చదివి ఉంటావు. ప్రతిసారీ "నేనూ కాజా క్షేమం" అని రాసేవాణ్ణి. కాజా తిన్న ఆఖరి తిండి ఆ ముద్దే. ఇంటికొచ్చాక నాలుగు రోజులకి లేవలేకపోయాడు. క్లినిక్‌లో నన్ను ఎప్పుడూ "కాజా డాడ్" అని పిలుస్తారు. ఆ రోజు కూడా అలాగే పిలిచి లోపలికి తీసుకెళ్ళారు. ఆ స్వెట్‌షర్ట్ మీదే పడుకోబెట్టాం. సూది వేసేటప్పుడు తల నా ఒళ్ళో ఉంది. కళ్ళు మూసేదాకా నా ముఖమే చూశాడు. నీ తరఫున కూడా నుదురు నిమిరాను. స్వెట్‌షర్ట్ తిరిగి తెచ్చుకున్నాను. ఉతకలేదు.

ఇప్పుడు సాయంత్రం కారు లోపల పెట్టి తలుపు తీస్తే ఎదురొచ్చేవాళ్ళు లేరు. వాడి బూడిద చిన్న చెక్కపెట్టెలో పెట్టి ఇచ్చారు. విశాల్ మంచం పక్కన పెట్టాను. దాన్ని ఏం చేయాలో పంతులుగారిని అడగలేను, ఒక్కడినే తీసుకెళ్ళి ఆ రాతి దగ్గర వదలనూ లేను. ఒకసారి ఒంటరిగా వెళ్ళొచ్చాను, ఇంకోసారి నాకు శక్తి లేదు. నువ్వు పెట్టిన షరతులో నేను నెగ్గలేదు, ఒప్పుకుంటున్నాను. షరతు లేకుండా రాగలవా? కోపముంటే ఇక్కడికొచ్చి తిట్టు. వచ్చే జులైకి అదే సైట్ అడుగుతాను. ఈసారి రైస్ కుక్కర్ తేను, అన్నం నువ్వే వండుదువుగాని.

బావగారికీ అక్కయ్యగారికీ నా నమస్కారాలు.

ఇట్లు,
విశాల్ నాన్న