రాళ్ళ మీద గులాబీ చుక్కలు

టూవూంబా, శనివారం రాత్రి

అక్వేరియంలో వెనక రాళ్ళ మీద గులాబీ చుక్కలు వచ్చాయి. "నాన్నా లుక్, పింక్ ఎవ్రీవేర్" అంటూ అమ్మాయే ముందు చూసింది. ఇన్నాళ్ళూ నీళ్ళలో కాల్షియం పోస్తూ నేను ఎదురుచూసిన కోరలైన్ ఆల్గే, రాయికి పెంకులా అంటుకునే గులాబీ నాచు, ఇదే.

వేసవిలో అద్దం మీద మొదటి మచ్చ వస్తే, స్నేహితులు భోజనానికి వస్తున్నారని మా ఆవిడ సుధ దాన్ని మరకనుకుని గీకేసింది. రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాను. అలా గీకిన పొడే నీళ్ళలో తిరిగి రాళ్ళకు పట్టుకుంటుందని ఇవాళే చదివాను. అంటే ఈ చుక్కలన్నీ ఆవిడ చలవే. ఆ మాట చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

"నేను ముట్టుకోన్లెండి" అంది సుధ దూరం నుంచే.

"అద్దం మీదకొస్తే గీకెయ్, పర్లేదు" అన్నాను.

దగ్గరికొచ్చి, జ్వరమేమోనని నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.