మూడు చెంచాల అంబలి

వేలూరు,
రౌద్రి సంవత్సరం, ఆడి నెల ఇరవై రెండు.

చిరంజీవి జయరాములుకు నీ తల్లి దీవించి రాయించేది. నేను తింటున్నాను, తిరుగుతున్నాను. గుడియాత్తంలో మీ అవ్వ కులాసా. మీ నాయనను మాత్రం ఆ మాటలో కలపలేను. చెన్నపట్నంలో నీ ఒళ్ళు జాగ్రత్త.

ఈ జాబు రాసిపెడుతున్నది మీ నాయన వార్డు నర్సమ్మ ఆరోకియమేరి. చిత్తూరు మిషను బడిలో చదువుకుంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, నా తిట్లతో సహా.

నాయనకు చెయ్యి వచ్చిందా అని అడిగావు. వచ్చింది, మళ్ళీ పోయింది. పక్షవాతం వచ్చిన పదో రోజున కుడిచేతి వేళ్ళు కదిలించాడు. మగ్గం మీద నాడె విసిరినట్టు మణికట్టు తిప్పాడు. నేను ఏడ్చేశాను. ఆ సంతోషం నాలుగు రోజులు కూడా నిలవలేదు, జ్వరం తగులుకుంది.

ఆసుపత్రిలో ఉండగా జ్వరమెందుకు వచ్చిందని కదా నీ రెండో ప్రశ్న. రొమ్ములో నెమ్ము చేరిందట. డాక్టరు దొర అరవంలో చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: వాతం తగ్గే దారిలోనే ఉండింది, ఇప్పుడు ఒంట్లో మిగిలిన బలమంతా జ్వరంతో పోరాడటానికే చాలడం లేదు. రోజుకు మూడుసార్లు రొమ్ముకు అవిసెపిండి పట్టు వేస్తున్నారు. చెయ్యి కదలడం లేదు. నేను బయటికి పోతే ఏమవుతుందోనని భయం, లోపల కూర్చుంటే నాకే ఊపిరాడదు.

మింగడం రాని మనిషికి ఎవరో నోట్లో ఏదో పోశారని, అది రొమ్ములోకి దిగిందని దొర ఆరోకియమేరి మీద మండిపడ్డాడు. ఆ పూట వార్డు ఆమెదే. సోమవారంతో ఆమె పని ఆఖరు. వీధిలో అందరితో కయ్యానికి కాలు దువ్వే దాన్ని, ఆ పూట నా నోరు పడిపోయింది.

జయరాములూ, పోసింది నేను.

గంగమ్మకు పోసిన అంబలిని మీ అవ్వ పక్కింటి ఏలుమలై చేత చెంబులో పంపింది. అమ్మవారిది వద్దనడానికి నాకు ధైర్యం చాలలేదు. ముక్కు గొట్టంలో తప్ప నోట్లో చుక్క నీళ్ళు కూడా పోయవద్దని ఆరోకియమేరి రెండుసార్లు చెప్పి ఉంది. ఆమె అటు తిరగగానే, పడుకున్నవాడికి పడుకున్నట్టే పోశాను. మొదటి చెంచాకే పొలమారింది. "నీ కొడుకు తలుచుకుంటా ఉండాడు" అని నెత్తిన తట్టి నవ్వి, ఇంకో రెండు చెంచాలు పోశాను. ఆ సాయంత్రమే ఒళ్ళు కాలిపోయింది.

ఇక్కడ ఆరోకియమేరి కలం ఆపింది. నేను ఆమె మొహం చూడలేకపోయాను. కలాన్ని మళ్ళీ సిరాలో ముంచి, "చెప్పమ్మా, ఇంగేం రాయాల?" అని అడిగింది. ఇది కూడా రాయమన్నాను.

దొరతో చెబితే నన్ను వార్డులో ఉండనివ్వరు. రోగి పక్కన మనవాళ్ళు ఒక్కరు ఉండాలి, కాబట్టి నువ్వు వెంటనే రైలెక్కు. "నీ కొడుకు వచ్చినాకనే చెప్పమ్మా, సోమవారానికి ఇంకా మూడు దినాలుండాయి, అయ్య ఒంటిగా అయిపోతాడు" అంటున్నది ఈ పిచ్చితల్లి. ఆ మాట విన్నాక ఇంకా ఇక్కడ ఎలా కూర్చునేది? నువ్వు వచ్చేదాకా మీ నాయనను తనే చూసుకుంటానని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను. దొర గది తలుపు తెరిచే ఉంది. వేలిముద్ర వేసి, చెప్పడానికి పోతున్నాను.

ఇట్లు,
నీ తల్లి అమ్మణి
(వేలిముద్ర)