చిన్నిగాడి రోజులు పెరిగాయి

2013, బతుకమ్మకు ముందు సోమవారం, ఎల్లారెడ్డి

చిన్నీ, ఇవాళ కామారెడ్డిలో కంప్యూటర్ నేర్చుకుంటున్న మీ అక్క దగ్గరికి పోయాను. ఏదో సూత్రం కొడితే తారీఖు నంబరుగా మారుతుందట. రోజుకో నంబరు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే నడుమ ఎన్ని రోజులో తెలుస్తుందట. నేను నిన్ను కన్న నాటి నుంచి నువ్వు పోయిన నాటి దాకా ఎన్ని రోజులున్నావో చూడమన్నాను.

బడి కాగితం చూసి, పుట్టింది జూన్ ఒకటి అని కొట్టింది.

“గది తప్పే. సారు పిల్లలందరికీ గదే రాసిండు. వీడు అంతకుముందు దసరా తెల్లారి పుట్టిండు.”

“ముందుగాల చెప్పొద్దానే అవ్వా!”

ఆ ఏటి దసరా వెతికి మళ్ళీ కొట్టింది. రెండు వందల ముప్పై మూడు రోజులు పెరిగాయి! నువ్వు పోయి రెండేళ్లయింది, నీవంటూ ఏవైనా పెరగడం ఇదే మొదలు. అక్క ఏడ్చింది. నాకైతే నవ్వొచ్చింది. ఆ రోజులన్నీ నువ్వు నా ఒళ్లో పాలు తాగినవే కదా, కాగితానికేం తెలుసు...

దసరా తెల్లారి అక్క వస్తానంది. సర్వపిండి చేసి నీ ఫోటో ముందు పెడతాను. కడుపునిండా తిను బిడ్డా.